ప్లాస్టిక్ కాయిల్‌తో కూలింగ్ వస్తుందా? కరెంటు మిగులుతుందంటున్నారు, నమ్మొచ్చా?

బేకరీ_హన్మకొండ
నయీంనగర్ వైపు మాకు చిన్న బేకరీ ఉంది. కేకులు, పేస్ట్రీలు పెట్టే గ్లాస్ కౌంటర్ లోపలి కాయిల్ (గ్యాస్ తిరుగుతూ చల్లబరిచే గొట్టాల చుట్ట) ఏడాది తిరక్కుండానే లీకవుతోంది. మెకానిక్ వస్తాడు, నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగ పూస్తాడు, రాగి గొట్టం మీద సూది మొనంత చోట బుడగ లేస్తుంది. అక్కడ బ్రేజింగ్ కొట్టి (లోహం కరిగించి అతికించి) గ్యాస్ నింపి వెళ్తాడు. కొన్నాళ్లకు ఆ పక్కనే ఇంకో బుడగ. గ్యాస్ తగ్గినప్పుడల్లా కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. క్రీమ్ కరిగిపోతుంది, బిల్లు పెరుగుతుంది. ఎండాకాలం వస్తుందంటేనే టెన్షన్.

ఇప్పుడు కౌంటర్లు అమ్మే ఒకాయన వచ్చి ప్లాస్టిక్ కాయిల్ గురించి చెప్పాడు. తుప్పు పట్టదట, లీకేజీ ఉండదట, కరెంటు మూడో వంతు మిగులుతుందట. అడ్వాన్స్ కూడా అడుగుతున్నాడు. ప్లాస్టిక్ వేడిని ఆపుతుందనే కదా ఇన్నాళ్లూ అనుకుంటున్నాం. అలాంటిది కాయిల్ ఎట్లా చేస్తారు? ఎవరైనా వాడి ఉంటే చెప్పండి.

గ్యాస్_రాజన్న
ఒక్క రూపాయి ఇవ్వకు తమ్మీ. ఫ్రిజ్‌లు, ఏసీలు బాగు చేసుకుంటూనే బతుకుతున్నా, గ్యాస్ తిరిగే ప్లాస్టిక్ కాయిల్ ఇంతవరకు చూడలేదు. ప్లాస్టిక్ గిన్నెలో చాయ్ కాచినట్టు ఉంటుంది ఆ యవ్వారం.

కాజీపేట_మెకానికల్
రాజన్నా, చాయ్ గిన్నె వేరు, కాయిల్ వేరు. నేను ఇంజినీరింగ్ చదువుతున్నా, హీట్ ట్రాన్స్‌ఫర్ అంటే ఇష్టం. కాస్త ఓపిగ్గా చదవండి, లెక్కతో చెప్తా.

రాగి ఉష్ణవాహకత, అంటే వేడిని మోసే గుణం, సుమారు 390. అల్యూమినియం 200 పైన. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ది 0.2 దగ్గర. అంటే రాగి దాదాపు 2 వేల రెట్లు మేలు. ఇది చూసే అందరూ "ప్లాస్టిక్ పనికిరాదు" అనేస్తారు. కానీ వేడి ఒక్క గొట్టం గోడనే దాటదు. ముందు గాలి నుంచి గోడకు రావాలి, గోడ దాటాలి, తర్వాత లోపలి ద్రవంలోకి పోవాలి. మూడు అడ్డంకులు వరసగా ఉంటాయి. వాటిలో గాలిది చాలా పెద్దది.

ఫ్యాన్ పెట్టి గాలి ఊదితే గాలి వైపు గుణకం (గాలికీ గోడకూ మధ్య వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే అంకె) 50 దగ్గర అనుకుందాం. అడ్డంకి అంటే 1 బై 50, అంటే 0.02. ఇప్పుడు 0.3 మిల్లీమీటర్ల పాలీప్రొపిలీన్ గోడ తీసుకోండి. 0.0003 ని 0.2 తో భాగిస్తే 0.0015. గాలి అడ్డంకి 0.02 అయితే గోడది 0.0015 మాత్రమే. రాగి బదులు ఆ పల్చటి ప్లాస్టిక్ పెట్టినందుకు పోయేది 7 శాతం దగ్గర. అంతే.

అదే ప్లాస్టిక్ గోడ 2 మిల్లీమీటర్ల మందం ఉంటే అడ్డంకి 0.01 అవుతుంది, మూడో వంతు పని పోతుంది. అందుకని "ప్లాస్టికా, రాగా" అనే దానికంటే ముందు "ఎంత పల్చన" అని అడగాలి.

గ్యాస్_రాజన్న
లెక్క బాగుంది తమ్మీ. కానీ కాయిల్ అంటే ఉత్త గొట్టమేనా? గొట్టం చుట్టూ అల్యూమినియం రేకులు గుచ్చి ఉంటాయి కదా, ఫిన్స్. అసలు పని చేసేది అవే. గొట్టం కంటే పదింతలు, ఇరవై ఇంతలు వెడల్పు (గాలి తగిలే వైశాల్యం) వాటిది. రేకు కూడా ప్లాస్టిక్‌దే పెడితే చివరిదాకా చల్లదనం పోతుందా?

కాజీపేట_మెకానికల్
పోదు. ఇది అసలైన ప్రశ్న అన్నా. ఫిన్ పనిచేయాలంటే మొదటి నుంచి చివరిదాకా లోహం వేడిని మోయాలి. ప్లాస్టిక్ ఫిన్ అయితే గొట్టానికి ఆనుకున్న కొంచెం మేరే పనికొస్తుంది, మిగతాది దండగ. అందుకే ప్లాస్టిక్ వాటికి ఫిన్స్ పెట్టరు. గొట్టాలే సన్నగా, ఒకటి రెండు మిల్లీమీటర్ల లావులో, వందలూ వేలూ పెడతారు. ఫిన్స్ ఇచ్చే వెడల్పు అలా గొట్టాల నుంచే రావాలి. ఇంకో లాభం ఏంటంటే గొట్టం సన్నబడే కొద్దీ దాని చుట్టూ గాలి గుణకం కూడా పెరుగుతుంది.

బేకరీ_హన్మకొండ
వేలా? అన్ని గొట్టాలకూ రెండు చివర్ల అతుకులు ఉండాలి కదా. నా రాగి కాయిల్‌కు ఒక్క చుక్క లీకైతేనే ఇంత గోల.

కాజీపేట_మెకానికల్
అవును, అతుకులదే కష్టం. అన్ని గొట్టాలనూ రెండు వైపులా ఒక పలకలోకి కరిగించి అతికిస్తారు. ఆ పని ఫ్యాక్టరీలో బాగా జరిగితే సరే, లేకపోతే అక్కడే కారుతుంది.

ఎనుమాముల_స్టోరేజీ
మాది మిర్చి కోల్డ్ స్టోరేజీ, ఎనుమాముల మార్కెట్ దగ్గర. మీరందరూ ప్లాస్టిక్ ఏదో కొత్తదైనట్టు మాట్లాడుతున్నారు. మా కూలింగ్ టవర్ మూత తీసి చూస్తే లోపల అంతా ప్లాస్టిక్కే. పీవీసీ రేకులు ముడతలు ముడతలుగా, కాగితం కంటే కాస్త మందంగా, కట్టలు కట్టి పేర్చి ఉంటాయి. ఫిల్ అంటాం. కండెన్సర్ (గ్యాస్ తన వేడిని బయటికి వదిలే భాగం) నుంచి వచ్చిన వేడి నీళ్లు వాటి మీదుగా పల్చగా జారుతాయి, కింద నుంచి గాలి పైకి పోతుంది, నీళ్లు చల్లబడతాయి. వేడి రేకులోంచి దాటదు, నీళ్ల నుంచి నేరుగా గాలికి పోతుంది. అందుకే అక్కడ ప్లాస్టిక్ అయినా ఒకటే, ఏదైనా ఒకటే. ఒకప్పుడు చెక్క పలకలు ఉండేవి, పాకురు పట్టి కుళ్లిపోయేవి.

మేం వాడేది అమ్మోనియా. అమ్మోనియాకు రాగి అస్సలు పడదు, తడి తగిలితే తినేస్తుంది. అందుకే మా గదుల్లో ఇనుప గొట్టాలే. రాగే గొప్ప అనుకునేవాళ్లు ఒకసారి మా ప్లాంటుకు రండి.

గ్యాస్_రాజన్న
మరి అమ్మోనియా కాయిల్ ప్లాస్టిక్‌ది పెట్టుకోరాదే?

ఎనుమాముల_స్టోరేజీ
పెట్టను అన్నా. కంప్రెసర్ నుంచి బయటికొచ్చే అమ్మోనియా వేడి వంద డిగ్రీలు దాటుతుంది. ఫిల్ రేకులే అరవై దగ్గరికి వస్తే మెత్తబడి వంగిపోతాయి. పైగా లీకైతే ఊరు ఊరంతా ముక్కు మూసుకోవాలి. మిర్చి సీజన్‌లో గదుల నిండా బస్తాలు ఉన్నప్పుడు అలాంటి రిస్క్ ఎవరూ తీసుకోరు. మా వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు (ఈ ప్రాంతానిదే అనే ముద్ర) వచ్చింది. ఆ ఎరుపు రంగు చూసే దానికి రేటు. బయట వేడిలో పెడితే రంగు దిగిపోతుంది. అందుకే చల్లని గది.

పరకాల_రైతు
చపాటా పేరెత్తారు కాబట్టి అడుగుతున్నా, ఈసారి స్టోరేజీ కిరాయి పెంచుతారా అన్నా?

ఎనుమాముల_స్టోరేజీ
ఆ ముచ్చట వేరే చోట మాట్లాడుకుందాం తమ్మీ. ఇక్కడ కాయిల్ గోల నడుస్తోంది.

మానేరు_చేపలు
కరీంనగర్ నుంచి. ఐస్ ఫ్యాక్టరీలో భాగస్వామిని. మా ఉప్పునీళ్ల ట్యాంకులో ఇనుప కాయిల్, జింకు పూత వేసిన ఇనుప డబ్బాలు. ఉప్పు కదా, తుప్పు తప్పదు. అమ్మోనియా కాయిల్ అలాగే ఉంచుకుని, ఉప్పునీళ్లు తిరిగే పైపులన్నీ ప్లాస్టిక్‌వి వేయించాం. తుప్పు అన్న మాటే లేదు. కానీ మొదట వేసిన పైపు చలిలో పెళుసెక్కి, పక్క నుంచి డబ్బా తగిలితే పగిలింది. అది ఏ రకమో ప్లంబర్‌కే తెలియదు.

కాజీపేట_మెకానికల్
అది పాలీప్రొపిలీన్ అయ్యుంటుంది. దానికి సున్నా దగ్గర, సున్నా కింద పది డిగ్రీల మధ్య ఒక గీత ఉంది. అది దాటితే గాజులా పెళుసుగా మారుతుంది. మీ ఉప్పునీళ్లు సరిగ్గా ఆ చలిలోనే ఉంటాయి. పాలీఇథిలీన్ అయితే ఆ గీత ఇంకెక్కడో, సున్నా కింద వంద డిగ్రీలు దాటాక. ఐస్ పనికి, ఫ్రీజర్ పనికి హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలీఇథిలీన్) పైపే వేయాలి. రెండూ నల్లగా, తెల్లగా ఒకేలా కనిపిస్తాయి. పైపు మీద అచ్చు చూసి కొనండి.

మానేరు_చేపలు
ఇప్పుడున్నది హెచ్‌డీపీఈనే. తట్టినా ఏం కాలేదు. సరే, కారణం ఇప్పటికి తెలిసింది.

లక్ష్మక్క_పచ్చళ్లు
నాకొక అనుమానం. బేకరీ తమ్ముడు లీక్ ఎందుకవుతోందో ఎవరూ అడగలేదు. కాయిల్ మార్చే ముందు కారణం తెలియాలి కదా. మా పచ్చళ్ల గదిలో ఏసీకి కూడా ఇదే బాధ. ఇంట్లో ఏసీ అదే కంపెనీది, ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేదు.

గ్యాస్_రాజన్న
అక్కా, కరెక్ట్ పాయింట్ పట్టావు. పచ్చళ్ల గది, బేకరీ, హోటల్ కిచెన్, ఈ మూడు చోట్ల కాయిల్ లీకులు ఎక్కువ. నేను చూసిన మాట. ఎందుకో మాత్రం చదువుకున్న తమ్ముడే చెప్పాలి.

కాజీపేట_మెకానికల్
పులుపు వల్ల అన్నా. వెనిగర్, పులిసిన పిండి, ఈస్ట్ నుంచి ఎసిటిక్ ఆమ్లం ఆవిరి గాలిలో కలుస్తుంది. కాయిల్ మీద ఎప్పుడూ చెమ్మ ఉంటుంది. ఆ చెమ్మలో ఆమ్లం, గాలిలోని ఆక్సిజన్, రాగి మూడూ కలిస్తే గొట్టంలోకి సన్నటి సొరంగాలు తొలుస్తుంది. పైకి చూస్తే నల్లటి చుక్క. గొట్టం కోసి మైక్రోస్కోప్ కింద పెడితే చీమల పుట్టలో దారుల్లాగా అటూ ఇటూ కొమ్మలు కనిపిస్తాయి. దాని పేరే చీమల పుట్ట తుప్పు. కొన్ని నెలల్లోనే గోడను దాటేస్తుంది. అందుకే ఒక చుక్క అతికిస్తే పక్కన ఇంకోటి వస్తోంది. ఒకటి బయటపడేసరికి మిగతావి లోపల సగం దూరం వచ్చేసి ఉంటాయి.

బేకరీ_హన్మకొండ
చుక్కలు నల్లగానే ఉన్నాయి! మెకానిక్ "గొట్టం క్వాలిటీ లేదు" అనేవాడు. కౌంటర్ శుభ్రం చేయడానికి మా పిల్లలు నీళ్లలో వెనిగర్ కలిపి తుడుస్తారు. వాసన పోతుందని.

గ్యాస్_రాజన్న
అది ఈరోజే బంద్ చేయించు. ఇంకో మాట, కాయిల్ కడగడానికి కొందరు యాసిడ్ కొడతారు, తెల్లగా మెరుస్తుందని. అది అసలే వద్దు. కాయిల్ క్లీనర్ అని దొరుకుతుంది, ఆమ్లం లేనిది అడిగి తీసుకో.

సిరిసిల్ల_భాస్కర్
ఇంత తుప్పు కథ విన్నాక ప్లాస్టిక్కే మేలనిపిస్తోంది. తుప్పు లేదు, బరువు లేదు. రాగి సాంద్రత 9 దగ్గర, ప్లాస్టిక్ 0.9. పదో వంతు. రాగి రేటు చూశారా, 2024 మేలో లండన్ మార్కెట్‌లో టన్ను 10 వేల డాలర్లు దాటింది. మా వీధిలో ఏసీ అవుట్‌డోర్ యూనిట్ పైపులు రాత్రికి రాత్రే కోసుకుపోయారు. ప్లాస్టిక్ పైపును ఏ దొంగ ఎత్తుకుపోతాడు?

గ్యాస్_రాజన్న
దొంగ పోడు, పాత సామాన్ల అతనూ కొనడు. రాగి కాయిల్ పాడైనా కిలోకి ఇంత అని చేతికొస్తుంది.

ఎనుమాముల_స్టోరేజీ
ఎలుకల సంగతి మర్చిపోయారు. మా దగ్గర వైర్ల మీది తొడుగే కొరికేస్తాయి. సన్న ప్లాస్టిక్ గొట్టాలు కనిపిస్తే వదులుతాయా? ఏది పెట్టినా బయట జాలీ ఉండాల్సిందే.

కాజీపేట_మెకానికల్
సిరిసిల్ల అన్నా, తుప్పు లేకపోవడం నిజమే. కానీ బేకరీ అన్న కౌంటర్‌లో తిరిగేది నీళ్లు కాదు, గ్యాస్. ప్రెషర్ మాట ఎవరూ ఎత్తలేదు. ఆర్404ఏ అనే గ్యాస్ అనుకోండి, కండెన్సర్ 45 డిగ్రీల దగ్గర ఉంటే లోపల 20 బార్ ఉంటుంది. స్కూటర్ టైరులో గాలి రెండు బార్, దానికి పదింతలు.

2 మిల్లీమీటర్ల గొట్టం, 0.2 మిల్లీమీటర్ల గోడ. 20 బార్ పెడితే గోడ మీద లాగుడు 10 మెగాపాస్కల్ దాకా వస్తుంది. పాలీప్రొపిలీన్ మంచి రకం మామూలు వేడిలో ఏళ్ల తరబడి మోయగలిగేది 8, 10 దగ్గరే. వేడి 60 డిగ్రీలకు పోతే ఆ బలం బాగా పడిపోతుంది. గోడ మందం పెంచుదామంటే పైన చెప్పిన లెక్క అడ్డం వస్తుంది. బలం కోసం మందం కావాలి, వేడి దాటడానికి పల్చన కావాలి. గ్యాస్ తిరిగే కాయిల్‌కు ప్లాస్టిక్ ఇక్కడే ఆగిపోతుంది.

ఇంకోటి, గ్యాస్ అణువులు ప్లాస్టిక్ గోడలోంచి కొద్దికొద్దిగా చొచ్చుకుని బయటికి పోతాయి. చిల్లు లేకుండానే. రాగిలోంచి పోవు. ఏడాది తర్వాత గ్యాస్ తక్కువైందంటే లీక్ ఎక్కడని వెతుకుతారు?

గ్యాస్_రాజన్న
అదే నేను మొదట్లో చెప్పింది. నువ్వు లెక్కతో చెప్పావు, నేను అనుభవంతో చెప్పా.

బేకరీ_హన్మకొండ
అంటే ఆ అమ్మే ఆయన చెప్పింది అబద్ధమా?

కాజీపేట_మెకానికల్
పూర్తిగా కాదు. ప్లాస్టిక్ లోపల గ్యాస్ బదులు గ్లైకాల్ (నీళ్లు గడ్డకట్టకుండా ఆపే ద్రవం) కలిపిన నీళ్లు తిప్పొచ్చు. బయట ఒక చిన్న యూనిట్ గ్లైకాల్‌ను చల్లబరుస్తుంది, ఆ గ్లైకాల్ పంపు మీద కౌంటర్‌లోకి వచ్చి పోతుంది. ప్రెషర్ ఒకటి రెండు బార్. దానికి ప్లాస్టిక్ హాయిగా ఆగుతుంది. తినే పదార్థాల దగ్గర కాబట్టి ప్రొపిలీన్ గ్లైకాల్ వాడాలి, ఇథిలీన్ గ్లైకాల్ విషం.

దీనికి ఇప్పుడు బలం ఎందుకు వస్తోందంటే, గ్యాసుల మీద ఆంక్షలు. భూమిని వేడెక్కించే ఫ్రిజ్, ఏసీ గ్యాసులు (హెచ్‌ఎఫ్‌సీలు) తగ్గించాలని 2016లో కిగాలీ అంతర్జాతీయ ఒప్పందం జరిగింది, మన దేశం 2021లో ఆమోదించింది, 2028 నుంచి మన దగ్గర ఆ గ్యాసుల వాడకానికి పరిమితి మొదలవుతుంది. ప్రొపేన్ మంచి గ్యాస్, కరెంటూ తక్కువే, కానీ అంటుకుంటుంది. కమర్షియల్ ఫ్రిజ్‌ల అంతర్జాతీయ ప్రమాణంలో ఒక సర్క్యూట్‌కు 150 గ్రాములే అనుమతి ఉండేది, 2019లో దాన్ని 500 గ్రాముల దాకా పెంచారు. ప్రొపేన్‌ను మేడ మీద బయట పెట్టి, షాపులోకి గ్లైకాల్ మాత్రమే పంపితే ఆ భయం ఉండదు. అలాంటి చోట ప్లాస్టిక్ ఎక్స్‌చేంజర్‌కు (వేడిని ఒకదాని నుంచి ఇంకోదానికి దాటించే కాయిల్ లాంటి దానికి) నిజంగా స్థానం ఉంది.

కరెంటు మూడో వంతు మిగులుతుంది అన్నది మాత్రం నేను ఒప్పుకోను. గ్యాస్‌కూ గాలికీ మధ్య గ్లైకాల్ వచ్చిందంటే ఇంకో మెట్టు పెరిగింది. ఆ మెట్టు కోసం గ్యాస్‌ను ఇంకొన్ని డిగ్రీలు కిందికి దించాలి, పైగా పంపుకు కరెంటు. ఒకే కౌంటర్ ఉన్న బేకరీకి గ్లైకాల్ లూప్ పెడితే బిల్లు పెరిగే అవకాశమే ఎక్కువ.

సిరిసిల్ల_భాస్కర్
ఒకే కౌంటర్‌కు సరే, పది కౌంటర్ల సూపర్ మార్కెట్ సంగతేంటి?

కాజీపేట_మెకానికల్
అక్కడ లెక్క మారుతుంది. పది కంప్రెసర్ల వేడి షాపులోకే వదిలి, దాన్ని మళ్లీ ఏసీతో తీయాల్సిన పని తప్పుతుంది. కేసు కేసుకూ చూసుకోవాలి.

జనగామ_పాలకేంద్రం
బల్క్ కూలర్ (పాలు చల్లబరిచే పెద్ద ట్యాంకు) మాది. పాలు పితికినప్పుడు 35 డిగ్రీల దాకా ఉంటాయి, 4 డిగ్రీలకు దించాలి. బోరు నీళ్లతో ముందు కొంచెం చల్లబరిచి ఆ తర్వాత కూలర్‌లో పోస్తే కరెంటు బాగా తగ్గుతుంది. దానికి స్టీల్ ప్లేట్ కూలర్ ఖరీదు ఎక్కువ. ప్లాస్టిక్ ప్లేట్లది పెట్టొచ్చా?

కాజీపేట_మెకానికల్
మీకు వద్దు. రెండు వైపులా ద్రవం ఉంటే గాలి అడ్డంకి ఉండదు, గోడే అసలు అడ్డంకి అవుతుంది. పాల వైపు, నీళ్ల వైపు గుణకాలు 3 వేల చొప్పున తీసుకోండి, రెండూ కలిపి అడ్డంకి 0.00067. అర మిల్లీమీటర్ స్టీలు గోడ ఉన్నా లేనట్టే. అదే మందం ప్లాస్టిక్ అయితే గోడ ఒక్కటే 0.0025. స్టీలుతో వచ్చే పని రావాలంటే నాలుగున్నర రెట్లు వెడల్పు కావాలి. పైగా తిరిగేవి పాలు, కాబట్టి వేడి నీళ్లతో, కాస్టిక్ సోడాతో రోజూ కడగాలి. స్టీలే కొనండి, కరెంటులో ఆ డబ్బు తిరిగొస్తుంది.

జనగామ_పాలకేంద్రం
మరి రాత్రి కరెంటుతో ఐస్ కట్టించి పొద్దున వాడేది ఉంటుందట, ఐస్ బ్యాంక్. అందులో ప్లాస్టిక్ గొట్టాలు చూశాను.

మానేరు_చేపలు
నేనూ అదే అడుగుదామనుకున్నా.

కాజీపేట_మెకానికల్
ప్లాస్టిక్ ఎక్స్‌చేంజర్ అంటే నాకు మొదట గుర్తొచ్చేది అదే. పెద్ద ప్లాస్టిక్ ట్యాంకు నిండా నీళ్లు, అందులో పాలీఇథిలీన్ గొట్టం చుట్టలు చుట్టలుగా దగ్గర దగ్గరగా. గొట్టంలో సున్నా కింది గ్లైకాల్ తిరుగుతుంది, చుట్టూ నీళ్లు గడ్డకడతాయి. పెద్ద భవనాల ఏసీలకు దశాబ్దాలుగా వాడుతున్నారు. అక్కడ గోడ మందం పెద్ద బాధ కాదు, ఎందుకంటే గడ్డకట్టే కొద్దీ మంచు పొరే ఎక్కువ అడ్డం అవుతుంది, పైగా ఆ పని చేయడానికి రాత్రంతా టైముంది. గొట్టం వంగుతుంది, ఐస్ వ్యాకోచించినా పగలదు.

కిలో ఐస్ కరగడానికి 334 కిలోజౌళ్లు కావాలి. టన్ను ఐస్‌లో 93 యూనిట్ల చల్లదనం దాచినట్టు. కరెంటు 93 యూనిట్లు కాదు, వేడి లెక్కలో. కంప్రెసర్‌కు పట్టేది దానిలో మూడో వంతో, నాలుగో వంతో.

ఎనుమాముల_స్టోరేజీ
రాత్రి నడిపితే ఇంకో లాభం. మన దగ్గర మే నెలలో పగలు 44, 45 డిగ్రీలు. రాత్రి 30కి దిగుతుంది. కండెన్సర్ ఒక్క డిగ్రీ తగ్గినా కరెంటు రెండు మూడు శాతం తగ్గుతుందని మా ప్లాంట్ ఆపరేటర్ ఎప్పుడూ అంటాడు, మీటరు చూసినా అలాగే కనిపిస్తుంది.

బేకరీ తమ్మీ, నీ కండెన్సర్ ఎక్కడుంది? కౌంటర్ కింద, ఓవెన్ పక్కనేనా?

బేకరీ_హన్మకొండ
కింద ఉంది అన్నా. ఓవెన్ గది తలుపు అవతల. మైదా పొడి పట్టి ఎప్పుడూ తెల్లగా ఉంటుంది.

గోదావరిఖని_బొగ్గు
మా దగ్గర నల్లగా ఉంటుంది. బొగ్గు దుమ్ము పట్టి కండెన్సర్ దుప్పటి కప్పుకున్నట్టే. నెలకోసారి బ్రష్, బ్లోయర్ పెట్టకపోతే కంప్రెసర్ కాలిపోతుంది. వేల సన్న గొట్టాల ప్లాస్టిక్‌ది మా దగ్గర వారం ఆగదు, దుమ్ము సందుల్లో ఇరుక్కుని ఊడిరాదు.

గ్యాస్_రాజన్న
మైదా కూడా అంతే. చెమ్మ తగిలితే ముద్ద కడుతుంది. ముందు అది తుడిపించు, కరెంటు అక్కడే సగం మిగులుతుంది.

కాజీపేట_మెకానికల్
"సగం" అన్నది మరీ ఎక్కువ అన్నా, కానీ మొదట చేయాల్సింది అదే. మూసుకుపోయిన కండెన్సర్ వల్ల పది డిగ్రీలు వేడెక్కితే పాతిక శాతం దాకా కరెంటు దండగ పోతుంది. అమ్మే ఆయన చెప్పిన మూడో వంతులో చాలావరకు ఒక బ్రష్‌తో దొరుకుతుంది.

లక్ష్మక్క_పచ్చళ్లు
మరి మా లీకుల సంగతి? పచ్చళ్ల గదిలో పులుపు లేకుండా ఎట్లా?

కాజీపేట_మెకానికల్
అక్కా, మీకూ బేకరీ అన్నకూ ఒకటే మాట. రాగి మీద ఎపాక్సీ (గట్టిపడే ప్లాస్టిక్ జిగురు) పూత వేసిన కాయిల్ అడగండి. ముంచి, కరెంటుతో పూత పట్టించి, కాల్చినది అయితే మూలమూలకూ పడుతుంది. స్ప్రే డబ్బాతో పైపైన కొట్టినది రేకుల లోపలికి పోదు. ఆ పూత కూడా ప్లాస్టిక్కే కదా, పదుల మైక్రాన్ల మందం. వేడికి అడ్డం లెక్కలోకి కూడా రాదు, ఆమ్లాన్ని మాత్రం ఆపుతుంది. ప్రెషర్ రాగి మోస్తుంది, పులుపు పూత మోస్తుంది. మీ దుకాణాలకు ఇవాళ పనికొచ్చే ప్లాస్టిక్ అదే. పూర్తి అల్యూమినియం కాయిల్ అయినా చీమల పుట్ట తుప్పు రాదు, కానీ ఉప్పు గాలికి దానికి వేరే తుప్పు ఉంది. పచ్చళ్ల దగ్గర ఉప్పు తప్పదు కాబట్టి మీకు పూత రాగే మేలు. పచ్చడి జాడీలకు, వెనిగర్ డబ్బాలకు మూతలు బిగుతుగా ఉంచండి.

గ్యాస్_రాజన్న
పూత వేసిన కాయిల్ మీద నేను బ్రేజింగ్ కొడితే ఆ చోట పూత కాలిపోతుంది. కాబట్టి పూత వేసే ముందే గొట్టం చివర్లు పొడుగ్గా వదలమని చెప్పండి, కౌంటర్ లోపల కాకుండా బయట అతుకు పెడతాం. అతికాక ఆ చోట చేత్తో ఎపాక్సీ పూయాలి. ఇది మర్చిపోతే మళ్లీ అక్కడే లీకు.

సిరిసిల్ల_భాస్కర్
గ్రాఫైట్ పొడి కలిపిన ప్లాస్టిక్ వస్తోందని చదివాను. ఉష్ణవాహకత చాలా పెరుగుతుందట. అది కూడా వద్దా?

కాజీపేట_మెకానికల్
పెరుగుతుంది. 0.2 నుంచి ఒకటి రెండు దాటి, ఎక్కువ కలిపితే పది దాకా కూడా. కానీ కలిపే కొద్దీ పెళుసెక్కుతుంది, పల్చగా గొట్టం తీయడం కష్టం. ఆమ్లాలు, ఉప్పునీళ్లు చల్లబరిచే రసాయన ఫ్యాక్టరీల్లో రాగీ స్టీలూ ఆగని చోట దానికి పని ఉంది. మీ మాట కూడా నిజమే అన్నా, నేను ప్లాస్టిక్‌కు వ్యతిరేకిని కాదు. గాలికి చల్లదనం ఇచ్చే చోట, ప్రెషర్ తక్కువ ఉన్న చోట, దుమ్ము లేని చోట అది రాగిని మించుతుందనే నా నమ్మకం. ఒక చిన్న గ్లైకాల్ ఎక్స్‌చేంజర్ సొంతంగా కట్టి కొలవాలని ఉంది. సన్న నైలాన్ గొట్టాలు వరంగల్‌లో ఎక్కడ దొరుకుతాయో తెలిస్తే చెప్పండి.

మానేరు_చేపలు
తమ్మీ, డ్రిప్ ఇరిగేషన్ సామాన్లమ్మే షాపుల్లో అడుగు. సన్న పాలీఇథిలీన్ గొట్టం చుట్టలు చుట్టలుగా ఉంటుంది. నైలాన్ కావాలంటే లారీల ఎయిర్ బ్రేకు పైపులమ్మే చోట. కానీ వాటి గోడ మందం నీ లెక్కకు సరిపోతుందా చూసుకో.

కాజీపేట_మెకానికల్
డ్రిప్ గొట్టం గోడ ఒక మిల్లీమీటర్ దగ్గర ఉంటుంది. 0.001 ని పాలీఇథిలీన్ వాహకత 0.4 తో భాగిస్తే 0.0025. గాలి 0.02 ముందు ఎనిమిదో వంతు. కొలిచి చూడటానికి సరిపోతుంది. థ్యాంక్స్ అన్నా.

బేకరీ_హన్మకొండ
అమ్మే ఆయనకు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడిగాను. లోపల తిరిగేది గ్యాసా, గ్లైకాలా? గోడ మందం ఎంత? ఎన్ని బార్ల దగ్గర టెస్ట్ చేశారు? గ్యాసే అన్నాడు, మిగతా రెండింటికీ కనుక్కుని చెప్తానన్నాడు. అడ్వాన్స్ ఇవ్వలేదు. కండెన్సర్ బ్రష్‌తో దులిపించాను, ఓవెన్ వైపు తలుపుకు రబ్బరు బీడింగ్ వేయిస్తున్నా. రాజన్నా, పూత కాయిల్ బిగించడానికి నీకు వీలవుతుందా? మాది నయీంనగర్.

గ్యాస్_రాజన్న
వస్తా. ముందు కాయిల్ కొలతలు తీసి పంపు, రేకుల పొడవు, వెడల్పు, గొట్టం లావు, ఎన్ని వరసలు. పాత కాయిల్ పడేయకు, కాజీపేట తమ్ముడికి కోసి చూడటానికి ఒక ముక్క ఇద్దాం.

కాజీపేట_మెకానికల్
నల్ల చుక్క ఉన్న ముక్క ఇవ్వండి. అడ్డంగా కాకుండా చుక్క మీదుగా నిలువుగా కోయాలి, ఫొటో ఇక్కడే పెడతా.